మన ఇంటి లెక్కలు: లక్ష రూపాయల సైకిలు

సైకిలును గురించి ఈ శీర్షికలో వ్రాయవలసి వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. పెళ్ళి ఖర్చులు, చీటీల పాటలు, ఇంటి అప్పులు, పిల్లల కాలేజీ ఫీజులు, మన పాఠకులు సాధారణంగా మమ్మల్ని అడిగే లెక్కలు ఇవి. కాని కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలలో సైకిలు మాట తరచు కనుపిస్తున్నది. అదీ పదివేల సైకిలు కాదు; లక్ష, లక్షన్నర సైకిలు.

వాటిలో రెండు ఉత్తరాలు చెప్పుకోదగ్గవి. షోలాపురం నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె భర్తకు 52 ఏళ్ళు. రక్తంలో చక్కెర ఎక్కువగా వున్నదనీ, రోజూ ఏదో ఒక వ్యాయామం చెయ్యక తప్పదనీ డాక్టరుగారు చెప్పారట. ఆయన సైకిలు తొక్కుతానన్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. తీరా పుణె వెళ్ళి ఆయన చూసి వచ్చింది లక్షా పాతికవేల సైకిలు. ఆ సొమ్ము తియ్యవలసింది అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకని బ్యాంకులో వేసిన డిపాజిట్టులోనుంచి. "ఆయన ఆరోగ్యం ముందు డబ్బెంత అని ఒకసారి అనిపిస్తుంది. అమ్మాయి ఫీజు మాటేమిటని ఇంకొకసారి అనిపిస్తుంది. నేను వద్దంటే, రేపు ఆయనకేమన్నా అయితే ఆ పాపం నాదేనా?" అని ఆమె అడిగారు.

రెండవ ఉత్తరం బెంగుళూరులోని ఒక యువకునిది. జీతంలో కొంచెం కొంచెంగా దాచుకొని 90 వేలు పెట్టి సైకిలు కొన్నాడు. ప్రతి ఆదివారం తెల్లవారుజామున స్నేహితులతో కలిసి 60, 70 కిలోమీటర్లు తిరిగి వస్తాడు. "నాకు సిగరెట్టు అలవాటు లేదు, మరో దుబారా లేదు. అయినా మా నాన్నగారు ఇంటికి వచ్చిన ప్రతివారితోను, మావాడు మోటారు లేని బండికి మోటారు సైకిలు ఖరీదు పోశాడని చెప్పి నవ్విస్తున్నారు. మీరైనా ఆయనకు చెప్పండి" అని అతని మొర.

ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే. పందాలకు పోకుండా, కేవలం సరదాకు, ఆరోగ్యానికి తొక్కేవారికి అంత ఖరీదైన సైకిలు, దాని సరంజామా అవసరమా? ప్రశ్న ఒకటే అయినా జవాబు ఇద్దరికీ ఒకటి కాదు. ఎందుచేతనో చెప్పడమే ఈ నెల మా పని.

ముందు ఆ తండ్రిగారి నవ్వులో వున్న న్యాయం చూద్దాం. మన పెద్దవాళ్ళకు సైకిలు సరదా వస్తువు కాదు, బ్రతుకుతెరువు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వెలిసింది. 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ మొదలయింది. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., ఫిలిప్స్, ర్యాలీ అన్న పేర్లు ఇంటి చుట్టాల పేర్లలాగా అందరికీ తెలిసినవే. పెళ్ళిలో అల్లుడు అలిగితే వాచీకో సైకిలుకో అలిగేవాడు. కొన్ని మునిసిపాలిటీలలో సైకిలుకు ఏటేటా పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవలసి వచ్చేది. ముందు కడ్డీ మీద పిల్లవాడిని, వెనుక క్యారియరు మీద ఇల్లాలిని కూర్చోబెట్టుకొని ఎదురుగాలిలో తొక్కిన మనిషి, ఎప్పుడు స్కూటరు కొంటానా అని ఎదురుచూశాడు. స్కూటరు గుమ్మంలోకి వచ్చిన నాడు కొబ్బరికాయ కొట్టారు. ఏ బండి నుంచి దిగడానికి తాను ఇరవై ఏళ్ళు కష్టపడ్డాడో, ఆ బండి ఎక్కడానికే కొడుకు దాదాపు లక్ష పోస్తే ఆయనకు నవ్వు రాక ఏమవుతుంది?

కాని కొడుకు బ్రతుకు వేరు. ఆయన తొక్కి తొక్కి అలసిపోయాడు. ఇతడు కూర్చుని కూర్చుని అలసిపోతున్నాడు. పగలంతా కుర్చీ, రాకపోకలకు కారో బస్సో. ఒళ్ళు కదలడానికి వేరే వేళ పెట్టుకోక తప్పని రోజులు ఇవి. 2020లో కరోనా వ్యాధికి భయపడి జనం ఇళ్ళలో వున్నప్పుడు, వ్యాయామశాలలు మూసివేసినప్పుడు, మన నగరాలలో చాలామంది మళ్ళీ సైకిలు వైపు చూశారు. సరిగ్గా ఆ ఏడు జూన్‌లోనే, 1951 నుంచి సైకిళ్ళు చేస్తూ వచ్చిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని కర్మాగారం ఆగిపోయింది. పాత సైకిలు పోతూవుంటే కొత్త సైకిలు వస్తూవున్నది. ఆ కొత్తదాని ఖరీదులోనే వున్నది అసలు చిక్కంతా.

ఇప్పుడు అంగడిలో వున్న సైకిళ్ళను సుమారుగా నాలుగు మెట్లు అనుకోవచ్చు. గేర్లు లేని మామూలు సైకిలు 5 వేలు మొదలు 10 వేల లోపు. గేర్లు వుండి, నిటారుగా కూర్చుని తొక్కే 'హైబ్రిడ్' రకం 15 వేలనుంచి 35 వేల వరకు. వంపు హ్యాండిలు, సన్నటి టైర్లు, అల్యూమినియం చట్రం గల 'రోడ్డు' సైకిలు 40 వేలనుంచి లక్ష దాకా. ఆపైన కార్బన్ చట్రపు సైకిళ్ళు. ఇవి లక్షన్నరతో మొదలై పది లక్షలు దాటి కూడా పోతాయి. ఊరినిబట్టి, కంపెనీనిబట్టి కొంచెం అటూ ఇటూ వుండవచ్చు.

మొదటి మెట్టు నుంచి రెండవ మెట్టు ఎక్కితే మన డబ్బుకు నిజమైన సుఖమే దొరుకుతుంది. ముఖ్యంగా గేర్లు. ఇందులో ఒక చిన్న లెక్క వున్నది. ముందు చక్రానికి 44 పళ్ళు, వెనుక చక్రానికి 18 పళ్ళు వున్న మామూలు నల్ల సైకిలు, పెడలు ఒక చుట్టు తిప్పితే సుమారు 5.4 మీటర్లు పోతుంది. బెంగుళూరు వారు ఆదివారాలు ఎక్కే నందికొండ తీసుకోండి. కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. ఎక్కుడు దారి సుమారు 7, 8 కిలోమీటర్లు. ఆ ఎక్కుడు మీద గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పోవాలంటే ఈ సైకిలు పెడలు నిమిషానికి 25 చుట్లే తిరుగుతుంది. అనగా ప్రతి చుట్టుకూ బండెడు బరువు మోకాళ్ళు మొయ్యాలి. అదే ముందూ వెనుకా పళ్ళు సమానంగా వుండే చిన్న గేరు వేసుకుంటే చుట్టుకు 2.1 మీటర్లే పోతుంది. నిమిషానికి 63 చుట్లు తిప్పాలి. వేగం అదే, పని అదే. కాని పెద్ద బానను ఒక్కసారి లాగడానికి, చిన్న చేదతో నాలుగుసార్లు తోడడానికి ఎంత తేడా వున్నదో ఇక్కడా అంత తేడా. యాభై దాటిన మోకాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఈ సౌకర్యం కోసం లక్షలు అక్కరలేదు. 20 వేల సైకిలుకూ ఈ గేరు వుంటుంది.

బ్రేకులూ అంతే. వానలో తడిసిన రిమ్ము మీద రబ్బరు బ్రేకు సరిగా పట్టదు. డిస్కు బ్రేకు వానలోనూ బాగా పడుతుంది. కొండ దిగేవారికి, లారీల మధ్య తిరిగేవారికి ఆ డబ్బు దండుగ కాదు.

ఇక రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగవ మెట్టుకు పోయినకొద్దీ మనం కొనేది ముఖ్యంగా తేలిక. దీని లెక్క కూడా చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిలు 15 కిలోలు, మొత్తం 85. ఆ సైకిలు మాని 8 కిలోల కార్బన్ సైకిలు కొంటే మొత్తం 78. నూటికి ఎనిమిది పాళ్ళు తగ్గింది. గంటలో నందికొండ ఎక్కేవాడు ఇప్పుడు నాలుగైదు నిమిషాలు ముందుగా ఎక్కుతాడు. ఈ నాలుగైదు నిమిషాలకు లక్ష పైచిలుకు ఖర్చు. పందెంలో వున్నవాడికి ఆ నిమిషాలలోనే బహుమతి వున్నది, అతను కొనవలసిందే. మనకు అవతల కొండమీద ఎదురుచూసేది ఇడ్లీ, కాఫీ మాత్రమే గదా!

ఇందులో ఇంకొక వింత కూడా కద్దు. అంతర్జాతీయ సైక్లింగు సంఘం 2000లో ఒక నియమం పెట్టింది. పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని. అంగళ్ళలో అంతకంటె తేలికైనవి కూడా దొరుకుతున్నాయి. పందెగాడికి పనికిరానంత తేలిక సైకిలును పందెం కాని మనిషి కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాక మరేమిటి? పైగా బరువు తగ్గాలని తొక్కేవాడు, సైకిలు బరువు తగ్గించడానికి లక్ష పొయ్యడం విచిత్రమే. మనిషి ఒంట్లో ఏడు కిలోలు కరిగితే కొండమీద అంత మేలూ కలుగుతుంది, అదీ ఊరికే.

చదును నేలమీద తేలికవల్ల కలిగే లాభం మరీ తక్కువ. అక్కడ మనకు శత్రువు బరువు కాదు, గాలి. గంటకు 20 కిలోమీటర్లు పోయేవాడు 25 పోవాలంటే గాలిని త్రోసుకుపోవడానికి దాదాపు రెట్టింపు శక్తి కావాలి. ఆ గాలికి అడ్డుపడేదో, చాలా మట్టుకు సైకిలు కాదు, దానిమీద కూర్చున్న మనిషి! మోచేతులు కాస్త వంచి, వదులు చొక్కా మాని బిగువు చొక్కా వేసుకుంటే కలిగే లాభం, చట్రంలో ఒక కిలో తగ్గించినందువల్ల కలగదు.

కనుక సైకిలు కొనేముందు చూడవలసింది కంపెనీ పుస్తకం కాదు, మన ఊరి నేల. మన పాఠకులు వుండే ఊళ్ళనే తీసుకోండి. యానాంలో గౌతమి గట్టున తొక్కేవారికి నేల అరచెయ్యిలా వుంటుంది. గేర్లు లేని మంచి సైకిలుతో జీవితాంతం గడపవచ్చు. బరంపురం నుంచి గోపాలపురం సముద్రతీరానికి పోయేవారికి, చెన్నై నుంచి తూర్పుతీరపు రోడ్డుమీద మహాబలిపురం వైపు పోయేవారికి ఎక్కుళ్ళు పెద్దగా లేవు కాని, పొద్దెక్కిన తరువాత సముద్రపు గాలి వున్నది. దానికి ఏడెనిమిది గేర్లు చాలు. అయితే ఉప్పుగాలికి చైను తుప్పుపడుతుంది. పదిహేను రోజులకొకసారి తుడిచి నూనె వెయ్యని మనిషికి ఎంత ఖరీదైన చైనూ నిలవదు. పుణెలో సింహగఢ్ ఘాటు, జయపురం నుంచి కోరాపుట్‌కు పోయే ఘాటు, బెంగుళూరులో నందికొండ, ఇవి ఎక్కదలచినవారికి చిన్న గేర్లు, మంచి బ్రేకులు తప్పనిసరి. వీటిలో ఏ ఒక్కదానికీ సరదాకు తొక్కేవాడికి కార్బన్ చట్రం తప్పనిసరి కాదు.

దూరాలు పోయేవారికైనా ఇదే మాట. 'బ్రెవే' అని పేరుగల దూరప్రయాణాలు మన దేశంలోనూ జరుగుతున్నవి. అందులో 200 కిలోమీటర్లు పూర్తి చెయ్యడానికి పదమూడున్నర గంటల గడువు వుంటుంది. అనగా టీలు, భోజనం, పంచర్లు అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పోతే చాలు. ఇవి పందాలు కావు. ముందు వచ్చినవానికి బహుమతి లేదు. గేర్లు లేని సైకిళ్ళమీద ఈ దూరం ముగించినవారూ వున్నారు. మనిషిలో అభ్యాసం వుండాలి, ఇంతే. ఆడలేనమ్మ మద్దెల ఓడన్న సామెత మనకు వుండనే వున్నది.

ఇక సరంజామా సంగతి. గోచీని కాపాడుకోబోయి సంసారంలో పడ్డ సన్న్యాసి కథ మనవాళ్ళందరూ ఎరిగినదే. గోచీ ఎలుకలు కొరికాయని పిల్లి, పిల్లికి పాలకోసం ఆవు, ఆవును మేపడానికి మనిషి. సైకిలుకూ ఆ గుణం వున్నది. సైకిలు వచ్చిన నెలకు బిగింపు బూట్లు, ఆ బూట్లకు తగిన పెడళ్ళు, దూరం చెప్పే యంత్రం, కాలి శక్తి కొలిచే యంత్రం, రంగురంగుల చొక్కాలు, చివరకు సైకిలును కొండదాకా మోసుకుపోవడానికి కారు మీద చట్రం. కాని కొండదాకా తొక్కుకుంటూ పోవడానికే గదా సైకిలు కొన్నది!

వీటిలో ఏవి కావాలి, ఏవి అక్కరలేదు? ప్రాణానికి సంబంధించినవి మొదటిరోజునే కావాలి. తలకు హెల్మెట్టు, ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం, గంట. తరువాత గాలి ఎంత వున్నదో చూపే పంపు, పంచరు సామాను, గట్టి తాళం. ఇవన్నీ కలిపి 5, 6 వేలతో సరిపోతాయి. ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు. అయితే హెల్మెట్టులో కూడా ఖరీదు పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందని భ్రమపడనక్కరలేదు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంవారు 2018 నుంచి సైకిలు హెల్మెట్లను పరీక్షించి మార్కులు ప్రకటిస్తున్నారు. తక్కువ ధర వాటిలోనూ మంచి మార్కులు వచ్చినవి వున్నాయి. ఖరీదైన వాటిలో తరచు దొరికేది తేలిక, గాలాడడం. ప్రమాణపు గుర్తు వుండాలి, తలకు సరిగ్గా పట్టాలి, కిందిపట్టీ బిగించాలి. పట్టీ బిగించని హెల్మెట్టు పదివేలదైనా టోపీతో సమానం.

గంటకు పైగా తొక్కేవారికి మెత్త కుట్టిన నిక్కరు వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంది. దానివల్ల సుఖం వున్నది. సీటు మాత్రం మెత్తగా వుంటే సుఖమని అనుకోవద్దు. మరీ మెత్తని సీటులో ఒళ్ళు దిగబడి, కొంత దూరం పోయేసరికి ఒరుసుకుంటుంది. అన్నిటికంటె ముఖ్యమైనది సీటు ఎత్తు. దానికి పైసా ఖర్చు లేదు. పెడలు అడుగుకు పోయినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి వుండాలి. మనవాళ్ళలో చాలామంది కాళ్ళు రెండూ నేలకు ఆనాలని సీటు కిందికి దించుకొని, ఆనక మోకాళ్ళ నొప్పులని సైకిలునే మూలపెడతారు. బిగింపు బూట్లు, శక్తి కొలిచే యంత్రాలు సరదా మనిషికి మొదటి ఏడాది అక్కరలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వంద కిలోమీటర్లు తొక్కకముందే వాటిని కొనడం దేనికి?

టైర్ల విషయంలో ఒకప్పటి నమ్మకం మారిపోయింది. టైరు ఎంత సన్నగా వుంటే అంత వేగమని, 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన పందెగాళ్ళే క్రమంగా 25కు, 28కి వచ్చారు. గతుకులలో సన్నటి టైరు ఎగిరిపడి వేగం తగ్గడమే దీనికి కారణం. మన రోడ్లకు 32 మొదలు 40 మిల్లీమీటర్ల దాకా వున్న టైరు హాయి. ఉన్న సైకిలుకే రెండు మంచి టైర్లు వేయించుకుంటే, రెండు మూడు వేలతో కొత్త సైకిలు తొక్కినట్టు వుంటుంది.

కొనేనాటి ఖర్చే ఖర్చనుకోకండి. నల్ల సైకిలుకు ఏ చెట్టుకింది మేస్త్రీ అయినా మందు వేస్తాడు. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులో గాలి చొరబడితే, దానికి తగిన నూనె, పనిముట్టు, నేర్పు కావాలి. చిన్న ఊళ్ళలో అవి దొరకవు. గేర్ల సంఖ్య పెరిగినకొద్దీ చైను సన్నబడుతుంది, ఖరీదు పెరుగుతుంది, అదీ అరిగేదే. రాయగడలోనో యానాంలోనో వుండేవారు తీగతో లాగే డిస్కు బ్రేకు ఎన్నుకుంటే ఇరుగుపొరుగు మేస్త్రీతోనే పని గడుస్తుంది. కార్బన్ చట్రానికి ఇంకొక సంగతి. గట్టి దెబ్బ తగిలితే పైకి కనుపించకుండా లోపల చీలవచ్చు. కనుక ఆ రకాన్ని చేతులు మారినదిగా కొనేవారు తెలిసినవారికి చూపించకుండా డబ్బు ఇవ్వరాదు.

స్త్రీలను, పిల్లలను గురించి ఒక్కమాట. మన ఇళ్ళలో సైకిలు ఖర్చు అనగానే మగవారి ఖర్చుగానే లెక్క వేస్తున్నారు. ముందు కడ్డీ వంగిన లేడీస్ సైకిలు 10, 15 వేలలో దొరుకుతుంది. చీర కట్టినవారు కూడా ఎక్కి దిగవచ్చు. ఒకరికి లక్ష పెట్టేచోట, ఆలుమగలిద్దరికీ చెరొక సైకిలు కొంటే సగం డబ్బు మిగులుతుంది, ఇద్దరికీ ఆరోగ్యం మిగులుతుంది. పిల్లలకైతే ఖరీదైన సైకిలు బొత్తిగా వద్దు. రెండేళ్ళలో కాళ్ళు పొడుగు సాగుతాయి. ఎదుగుతాడులే అని పెద్ద సైకిలు కొనడమూ ప్రమాదమే. కాళ్ళకు అందని బండి పిల్లవాడి చేతిలో నిలవదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. సైకిలు ఖరీదును, అది తిరిగిన కిలోమీటర్లతో భాగించి చూడండి. బెంగుళూరు యువకుడు ఏడాదిలో 45 ఆదివారాలు, వారానికి 65 కిలోమీటర్లు తొక్కితే ఏటా సుమారు 2,900 కిలోమీటర్లు. అయిదేళ్ళకు 14,500. 90 వేలను దానితో భాగిస్తే కిలోమీటరుకు ఆరు రూపాయల పైచిలుకు. పాతికవేల సైకిలు కొని, 250 కిలోమీటర్లు తొక్కి, బాల్కనీలో తడి తువ్వాళ్ళు ఆరవేసుకునేవారికి కిలోమీటరు వంద రూపాయలు పడుతున్నది. ఎవరిది దుబారా? సైకిలు ఖరీదు అంగడిలో తేలదు, రోడ్డుమీద తేలుతుంది.

ఈ లెక్క ప్రకారం ఆ యువకుడు దుబారా మనిషి కాడు. అతను అప్పు చెయ్యలేదు. ఇంటికి ఇవ్వవలసింది ఇచ్చి మిగిలినదానితోనే కొన్నాడని మేము అనుకుంటున్నాము. మంచి వస్తువు చేతిలో వుండడం ఒక సంతోషం. కంచిపట్టు చీరను ఎన్నిసార్లు కట్టారని లెక్క వేసి కొనము గదా. వీణ నేర్చినవారు మంచి వీణ కోరుకుంటే నవ్వము గదా. కాని అతనికి కూడా ఒకమాట. అది సంతోషం అని ఒప్పుకో నాయనా, అవసరం అనకు. అవసరం అన్నావంటే వచ్చే ఏడు కొత్త చక్రాలూ అవసరమే అవుతాయి. నాన్నగారిని తప్పుపట్టకు; ఒక ఆదివారం ఆయనకు కూడా ఒక సైకిలు చూసి, పేటలో నాలుగు వీధులు తిప్పి తీసుకురా. ఆయనకు తెలిసిన ఎదురుగాలి నీకు ఇంకా తెలియదు.

షోలాపురం సోదరికి మా జవాబు వేరు. అమ్మా, అమ్మాయి ఫీజు డబ్బు కదపవద్దు. గుండెకు సైకిలు ఖరీదు తెలియదు. అది ఎంతసేపు కొట్టుకున్నదీ, ఎంత గట్టిగా కొట్టుకున్నదీ మాత్రమే తెలుసు. వారానికి 150 నిమిషాలకు తక్కువ కాకుండా ఒక మాదిరి వ్యాయామం చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెబుతున్నది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు తొక్కితే ఆ లెక్క సరిపోతుంది. 20, 25 వేల గేర్ల సైకిలు దానికి పుష్కలం. ఆయన చక్కెరకు మాత్రలు వేసుకుంటున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, ఎంతసేపు, ఏ వేళ తొక్కవచ్చో డాక్టరుగారిని ముందు అడగండి. వ్యాయామంతో చక్కెర పడిపోయి కళ్ళు తిరగవచ్చు. జేబులో కాస్త తీపి వుండాలి. ఇంకొక సంగతి. మీరు వద్దంటున్నది సైకిలును కాదు, లక్షను. కనుక పాపం అన్న మాట మనసులోనుంచి తీసివెయ్యండి. ఆయనతో పోట్లాట వద్దు. ఒక ఒప్పందం చేసుకోండి. ఈ సైకిలు మీద 2,000 కిలోమీటర్లు పూర్తి అయిన రోజున, అమ్మాయి చదువు ఖర్చు గట్టెక్కి వుంటే, పెద్ద సైకిలు మాట మళ్ళీ తీయవచ్చునని. అప్పటికి ఆయనకే తెలుస్తుంది, తనకు ఏమి కావాలో, ఏమి అక్కరలేదో.

ఈ ఒప్పందం అందరికీ పనికివచ్చేదే. ముందు నెలరోజులు ఎరువో, అద్దెకో తెచ్చుకున్న సైకిలు తొక్కండి. చలిలోనూ, బద్ధకంలోనూ లేవగలిగితే, అప్పుడు మీ ఊరి నేలకు తగిన సైకిలు కొనండి. డబ్బు మిగిలితే బ్రేకులకు, టైర్లకు, దీపాలకు పెట్టండి. తేలికకు ఆఖరున పెట్టండి. అప్పు చేసి మాత్రం ఏదీ కొనవద్దు.

చివరగా ఒక మనవి. మన సంఘ సభ్యుల ఇళ్ళలో, 2020లో ఉత్సాహంగా కొని మూలపడేసిన సైకిళ్ళు ఎన్ని వున్నవో! పిల్లలు ఎదిగిపోయి అటకెక్కిన చిన్న సైకిళ్ళు ఎన్నో! ఏ ఊరి సంఘమైనా తమ నోటీసుబోర్డు మీద ఇంత చోటు ఇచ్చి, ఇవ్వదలచినవారిని, కావలసినవారిని కలిపితే, ఒకరి అటక ఖాళీ అవుతుంది, ఇంకొకరి పిల్లవాడు బడికి సైకిలుమీద పోతాడు. చైనుకు కాస్త నూనె, రెండు ట్యూబులు, ఇంతే ఖర్చు. అలా చెయ్యదలచిన సంఘాలవారు మాకు వ్రాస్తే, వారి ఊళ్ళ పేర్లు ఈ శీర్షికలోనే సంతోషంగా ప్రకటిస్తాము.